పేరు తరువాత చెప్పబడును

కెట్లర్స్ బే ఊళ్ళో, మేపుల్ వీధిలోని విల్కోస్కీ వారింట్లో, మస్టర్డ్ సీసాను కింది జట్టుకు పంపించారు. ఈ నిర్ణయాన్ని ఇంటి యజమాని నార్బర్ట్ విల్కోస్కీ ఎవరినీ సంప్రదించకుండా, ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి, ఒక్కడే తీసుకున్నాడు. అతని భార్య మార్లిస్‌కు ఈ సంగతి మధ్యాహ్నం సాసేజీలు ఉడికాక గానీ తెలియలేదు.

"మస్టర్డ్ ఏదీ?"

"కింది జట్టులో ఉంది."

"కిందంటే ఎక్కడ?"

"నేలమాళిగలో, పెయింట్ డబ్బాల పక్కన. ఈమధ్య దాని ఆట బాగాలేదు, మార్లిస్. తలుపు అరలో చోటు ఆక్రమించుకుని ఊరికే కూచుంటోంది. దాని బదులు కొత్త దోసకాయ ఊరగాయకి అవకాశం ఇచ్చాను."

"ఊరికే కూచుందా? నిన్న నీ సాసేజీలో పడిందేమిటనుకున్నావు?"

"అదే నేను చెప్పేది. పడినట్టు నాకు తెలియనే లేదు. మైదానంలో ఉన్నాడో లేడో తెలియని ఆటగాణ్ణి ఎన్నాళ్ళని భరిస్తాం?"

మార్లిస్ మెట్లు దిగి వెళ్ళి సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంత తొందరగా వెనక్కి పిలిపిస్తే దాని ఎదుగుదల దెబ్బతింటుందని నార్బర్ట్ హెచ్చరించాడు. ఎదుగుదల మాట తర్వాత చూద్దాం, ముందు చల్లారకుండా తినమంది ఆమె. తినకుండానే వాదించాడు. సాసేజీలు చల్లారాయి.

నార్బర్ట్ అభిప్రాయాలు లేని మనిషి కాదు. ఊరి బాయిలర్లు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి విరమించాక అతనికి మిగిలిన ఆస్తి అవే. అవన్నీ ఒకే విషయం మీద: బేస్‌బాల్ జట్టును ఎలా కూర్చాలి అన్నదాని మీద. అతను ప్రాణం పెట్టుకున్న కూపర్స్ జట్టు అతను బడిలో చదివే రోజుల్లో ఒకసారి కప్పు గెలిచింది. తర్వాత గెలవలేదు. ఆటగాళ్ళు సరిగా ఆడకపోవడమే కారణమని అజ్ఞానులు అనుకుంటారు. అసలు కారణం కూర్పు. ఆటగాళ్ళు ఆడి గెలిపిస్తారనుకోవడం ఇటుకలు ఇల్లు కడతాయనుకోవడం లాంటిదని నార్బర్ట్ అభిప్రాయం.

అతని సిద్ధాంతం కష్టమైనది కాదు. బాగా ఆడేవాణ్ణి జట్టులో ఉంచుకోకూడదు. వాడి వల్ల ఇవాళ్టి గెలుపు తప్ప ఏమీ రాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కనక, వాడికి పేరున్నప్పుడే ఇంకో జట్టుకు ఇచ్చేసి, రేపు బాగా ఆడబోయే కుర్రవాణ్ణి తెచ్చుకోవాలి. ఆ కుర్రవాడు నిజంగానే బాగా ఆడడం మొదలుపెడితే ఆలస్యం చెయ్యకుండా వాణ్ణీ ఇచ్చేసి మరో కుర్రవాణ్ణి తెచ్చుకోవాలి. ఈ పద్ధతిలో జట్టుకు భవిష్యత్తు ఎన్నడూ తరగదు. గెలుపు ఒక్కటే కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యానికి శాస్త్రీయ నామం పునర్నిర్మాణం. ఇక ఆటగాళ్ళ మీద మమకారం పెంచుకోవడమంటారా, మమకారం ఉన్నవాళ్ళు కుక్కను పెంచుకోవాలి.

ఈ మాటలు అతను రోజూ సాయంత్రం రేడియోవాళ్ళకు ఫోన్ చేసి చెప్పేవాడు. "కెట్లర్స్ బే నుంచి నార్బ్" అంటే ఆ తీరమంతటా తెలియనివాళ్ళు లేరు. అతను ఫోన్‌లో ఉన్నంతసేపు మార్లిస్ కుళాయి తిప్పకూడదు, గిన్నెలు చప్పుడు చెయ్యకూడదు. ఆమె ఆ సమయంలో స్వెటర్ అల్లుకునేది. ఆ ఇంట్లో స్వెటర్లకు లోటు ఉండేది కాదు.

అంతటి మేధ ఒక్క రేడియోకే పరిమితం కావడం ఊరికి నష్టమని మొదట గ్రహించినవాడు సెయింట్ ఫ్లోరియన్ కాథలిక్ చర్చి గురువు ఫాదర్ లియోనార్డ్. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో శుక్రవారం మాంసం ముట్టరు కనక ప్రతి శుక్రవారం ఆ చర్చి హాల్లో చేపల విందు జరుగుతుంది. వేపిన చేప, రై రొట్టె, క్యాబేజీ కోరు, బంగాళాదుంప అట్లు, వాటి పక్కన ఆపిల్ గుజ్జు. చేప ఎక్కడైనా చేపే. జనం వచ్చేది ఇర్మా టెష్ వేసే అట్ల కోసం. డెబ్భై దాటిన ఇర్మా పెనం దగ్గర నిలబడేది. ఆమె పక్కన మార్లిస్ దుంపలు కోరేది. కూతురు కారిన్ ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ మార్లిస్‌కు శుక్రవారమంటే అదే. దుంప కోరుతూ కోరుతూ ఇంట్లో అనలేని మాటలన్నీ ఆమె ఇర్మాతో అనేది. నూనె చిటపటల్లో అవి ఇంకెవరికీ వినిపించేవి కావు. పెనం తుడిచేసరికి మనసూ తుడిచినట్టుండేది.

అట్ల కోసం నిలబడే వరుస హాలు దాటి, కార్లు నిలిపే చోటు దాటి, మంచుగుట్టల దాకా సాగేది. ఇది సమస్య అని చర్చి సంఘం గుర్తించింది. వరుస పొడవు తగ్గించే మార్గాలు సూచించగల అనుభవజ్ఞుడు కావాలని తీర్మానించి, నార్బర్ట్‌ను విందు వ్యవహారాల ప్రధాన నిర్వాహకుడిగా నియమించింది. అప్పగించిన పనిని అతను సంపూర్ణంగా నెరవేర్చాడని ముందే చెప్పడం న్యాయం.

లెంటుకు కొద్దిరోజుల ముందు నార్బర్ట్ గడ్డకట్టిన సరస్సు మీద తన చెక్కగదిలో కూచుని, మంచుకు చేసిన రంధ్రంలో గాలం వేసుకుని చేపలు పడుతున్నాడు. పక్క స్టూలు మీద ఇంకో గాలం పట్టుకుని పాస్టర్ ఎల్డన్ గ్రోథ్ ఉన్నాడు. సెయింట్ ఫ్లోరియన్‌కు ఎదురు వీధిలోని గుడ్ హార్బర్ లూథరన్ చర్చి ఆయనది. శుక్రవారాలు ఆయన హాల్లోనూ చేపలే, కానీ వరుస ఉండేది కాదు. మతంలో ఎన్ని భేదాలున్నా ఇద్దరూ కూపర్స్ అభిమానులే కనక చెక్కగదిలో ఎప్పుడూ శాంతి ఉండేది. బ్రాందీ కూడా ఉండేది.

"మీ బ్రెట్‌ని నాకివ్వు, ఎల్డన్," అన్నాడు నార్బర్ట్.

బ్రెట్ హోల్‌స్టాడ్ లూథరన్ల కుర్రవాడు. కాలేజీ అప్పుడే పూర్తి చేశాడు. అంతవరకు చేప వేపి ఎరగడు. కానీ చేతులు అసాధారణంగా పొడుగు.

"బ్రెట్‌నా! వాడి చేతులు చూశావా అసలు? రెండు నూనె మూకుళ్ళ మధ్య నిలబెడితే రెండూ అందుతాయి. అలాంటి కుర్రాణ్ణి ఎవడైనా వదులుకుంటాడా?"

"ఇర్మాని ఇస్తాను."

పాస్టర్ చేతిలోంచి గాలం జారి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆయన దానికేసి చూడనైనా చూడలేదు. కానీ బేరంలో సంతోషం బయటపడనివ్వకూడదని ఏ అభిమానికైనా తెలుసు. "ఆవిడకి వయసైపోయింది కదయ్యా," అన్నాడు నిట్టూరుస్తూ. "మోకాళ్ళు కూడా..."

"అయితే ఇర్మా, పైన ఇంకొకరు. పేరు తరువాత చెప్పబడును."

ఇది బేస్‌బాల్‌లో పాత మర్యాద. ఆటగాళ్ళను మార్చుకునేటప్పుడు ఒకరు తక్కువపడితే, "ఇంకొకరు, పేరు తరువాత చెప్పబడును" అనుకుని చేతులు కలుపుతారు. ఆ ఇంకొకరు ఎవరో గడువులోగా పుచ్చుకునే జట్టు చెబుతుంది. అంతవరకు ఇచ్చే జట్టులో ప్రతివాడూ అది తాను కాదనుకుంటూ ఆడుతుంటాడు. గడువు ఈస్టర్ అనుకున్నారు. చేతులు కలిపారు.

జట్టు మారుతున్న సంగతి ఆటగాడికి ఏకాంతంగా, గౌరవంగా చెప్పాలి. అందుకని నార్బర్ట్ ఇర్మాను చర్చి బాయిలర్ గదిలోకి పిలిచాడు. మార్లిస్ ఉల్లిపాయల బస్తా కోసం వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇర్మా, ముందుగా నీ సుదీర్ఘ సేవలకు సంస్థ తరఫున కృతజ్ఞతలు."

"ఏం సంస్థరా?"

"మనదే."

"ఎవరు పోయార్రా, నార్బీ? ఆ మొహం ఏమిటి?" నార్బర్ట్ చర్చిలో గంట కొట్టే పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచీ ఆమె అతన్ని ఎరుగును.

అతను విషయం చెప్పాడు. ఇర్మా చాలాసేపు బాయిలర్ వైపు చూసింది. మార్లిస్ ఊపిరి బిగబట్టింది. ఈ ముసలావిడ ఇప్పుడు చేతిలోని అట్లకాడతో వీడి నెత్తిన ఒకటి వేస్తుంది, దాంతో ఈ పిచ్చి కుదురుతుంది అనుకుంది.

"నా బదులు ఎవర్ని తీసుకున్నావు?" అంది ఇర్మా.

"బ్రెట్ హోల్‌స్టాడ్‌ని."

"ఆ పొడుగు చేతులాడా? మంచి కుర్రాడే. వాడూ, ఇంకా?"

"ఇంకా అంటే... మనమే ఇంకొకర్ని ఇవ్వాలి."

ఇర్మా లేచి నిలబడింది. "అంటే నేనొక్కదాన్నీ వాడికి చాలలేదా? నామీద కొసరు వేసి మరీ ఇచ్చావట్రా?"

ఆమెకు కోపం వచ్చింది అక్కడ. కూపర్స్ ఆడిన ప్రతి ఆటా భర్తతో కలిసి చూసిన మనిషి. ఆయన పోయాక ఒక్కతే చూస్తోంది. మార్పిడి జరగడంలో ఆమెకు వింత కనిపించలేదు, రేటు దగ్గరే అవమానం తోచింది.

ఊరు కూడా అలాగే ఆలోచించింది. ఇనుప సామాన్ల దుకాణంలో, మంగలి కుర్చీలో, పశువుల డాక్టరు గుమ్మంలో వారంపాటు ఇదే చర్చ. కొసరు ఎక్కువైందని కొందరు, బ్రెట్ వయసు చూస్తే కొసరు లేకుండా వచ్చేవాడు కాదని కొందరు. ఇర్మాను ఎప్పుడో నాలుగేళ్ళ క్రితం, అట్లు మంచి ఊపులో ఉన్నప్పుడే ఇచ్చేస్తే ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చేవారని మంగలి అభిప్రాయం. పొయ్యి దగ్గరి ముసలమ్మను ఇలా ఇచ్చిపుచ్చుకోవచ్చునా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తోచలేదు. తోచినా అది అభిమానులు అడిగే ప్రశ్న కాదు.

ఒక కాథలిక్ లూథరన్ల పెనం దగ్గర నిలబడవచ్చునా అన్న సందేహం ఒక్కటే మిగిలింది. ఫాదర్ లియోనార్డ్ దాన్ని ఆదివారం ప్రసంగంలో తీర్చాడు. "సోదర సోదరీమణులారా, ఇర్మా ఆత్మ ఎప్పటిలాగే మన అధీనంలోనే ఉంటుంది. శుక్రవారం సాయంత్రాలు చేతులు మాత్రమే వీధి దాటుతాయి."

ఆ రోజు ఇంట్లో సూప్ పోస్తూ మార్లిస్ అడిగింది. "ఆవిడ్ని ఒక్కమాట అడిగావా, నార్బ్? వెళ్తావా అని?"

"ఆటగాళ్ళని అడగరు, మార్లిస్."

"ఆవిడ ఆటగాడు కాదు. ఆవిడ ఇర్మా."

"ఇదిగో, ఈ మమకారం వల్లే ఈ ఊరు ఇలా ఉంది. సూప్‌లో ఉప్పు తగ్గింది."

మార్లిస్ ఉప్పు అందించింది.

మొదటి శుక్రవారం వచ్చింది. బ్రెట్ వచ్చాడు. నిజానికి ఆ కుర్రవాడిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నవ్వుముఖం, చెప్పిన మాట వినేవాడు. రెండు మూకుళ్ళూ అందుకున్నాడు. చేప కూడా బాగానే వేపాడు. అయితే యువకుల మోచేతులు ఎంత సున్నితమైనవో తెలిసిన నార్బర్ట్ బేస్‌బాల్‌లో బంతి విసిరేవాళ్ళకు విసుర్ల లెక్క ఉన్నట్టే అతనికి బుట్టల పరిమితి పెట్టాడు. నాలుగు బుట్టల చేప వేపగానే, జనం పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉండగానే, నార్బర్ట్ హాలు చివరి నుంచి నేల చూసుకుంటూ మెల్లగా నడిచి వచ్చి, బ్రెట్ చేతిలోంచి జల్లిగరిటె తీసుకుని, వీపు తట్టి, కుర్చీ చూపించాడు.

"నేను బాగానే ఉన్నానండీ, మిస్టర్ విల్కోస్కీ. ఇంకో పది బుట్టలు అవలీలగా లాగేస్తాను."

"ఇప్పుడు బాగానే ఉంటావు, బాబూ. పదేళ్ళ తర్వాత సంగతి?"

బ్రెట్ మోచేతికి మంచుగడ్డ కట్టి కూచోబెట్టారు. అతని స్థానంలోకి ఒకరు వచ్చి రెండు బుట్టలు వేపారు. ఆయనను తప్పించి ఇంకొకరిని రప్పించారు. ప్రతి మార్పుకూ నార్బర్ట్ హాలు చివరి నుంచి నడిచి వచ్చేవాడు. నడక మధ్యలో నూనె చల్లారేది. బేస్‌బాల్‌లో లాగే, తినేవారిలో ఎడమచేతి వాటం వారికి ఎడమచేతి వాటం వంటవాడే వడ్డిస్తే ఫలితం మెరుగని రెండో శుక్రవారం తేలింది. గుమ్మంలోనే ఏ చెయ్యి వాడతారో అడిగి జనాన్ని రెండు వరుసలుగా చీల్చారు. ఎడమ వరుసలో పశువుల డాక్టరు ఒక్కడే నిలబడ్డాడు. ఆయనకు వడ్డించవలసిన ఎడమచేతి వంటవాడికి ఆ పూట విశ్రాంతి ఇచ్చి ఉన్నందున ఆయన రొట్టె మాత్రం తిని వెళ్ళాడు.

పెనం దగ్గర ఎవరినీ శాశ్వతంగా నియమించలేదు. ఒకరి మీదే ఆధారపడడం గత పాలన చేసిన తప్పు. మార్లిస్ ఎప్పటిలాగే దుంపలు కోరింది. అట్లు వేసేవారు లేక కోరిన దుంప నల్లబడింది. ఆమె పక్కనున్న ఖాళీలో నార్బర్ట్ ఆజ్ఞ మేరకు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టారు. కోరుతూ ఆమె దానితో ఏమీ చెప్పలేదు.

మూడో శుక్రవారానికి వరుస పొడవు సమస్య పరిష్కారమైంది. వరుస లేదు. మంచుగుట్టల దాకా సాగే వరుస ఇప్పుడు ఎదురు వీధిలో, లూథరన్ల గుమ్మం ముందు సాగుతోంది. అందులో సగం మంది సెయింట్ ఫ్లోరియన్ సంఘ సభ్యులే. వాళ్ళు అన్యాయస్థులు కారు. ముందు తమ చర్చికి వచ్చి, టికెట్ కొని, నార్బర్ట్ ప్రణాళికను మెచ్చుకుని, ఆ తర్వాతే వీధి దాటి ఇర్మా అట్లు తినేవారు.

ఖాళీ హాల్లో ఫాదర్ లియోనార్డ్ ఒక ఉపన్యాసం చేశాడు. "ఈ ఖాళీ కుర్చీలను చూసి అధైర్యపడకండి. ఇవి ఖాళీ కుర్చీలు కావు, మన భవిష్యత్తు. నార్బర్ట్ గారు నాతో చెప్పినట్టు, మొదటి సంవత్సరం హాలు నిండితేనే ప్రణాళికలో లోపం ఉన్నట్టు. దేవుడి దయ వల్ల అలాంటి లోపమేదీ కనబడడం లేదు." వంటవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. కొట్టవద్దని బ్రెట్‌ను వారించారు, మోచెయ్యి దృష్ట్యా.

ఆ రాత్రి భోజనానికి కోటు విప్పుతున్న భర్త చేతి అంచున మార్లిస్‌కు ఆపిల్ గుజ్జు మరక కనిపించింది. తమ హాల్లో అట్లు లేవు కనక గుజ్జు డబ్బా ఆ పూట మూతే తియ్యలేదు.

"ఇదేమిటి, నార్బ్?"

నార్బర్ట్ తడుముకోలేదు. "ప్రత్యర్థి ఆట చూసి రావడానికి వెళ్ళాను. వేగు చూడకుండా ఎవడైనా జట్టు నడుపుతాడా?"

"ఎలా ఉంది ఇర్మా?"

"అంచులు మునుపటి కంటే కరకరలాడుతున్నాయి," అన్నాడు. మరక తుడుచుకున్నాడు. తర్వాత, "సరైన సమయంలోనే ఇచ్చేశాం," అన్నాడు.

ఈస్టర్ దగ్గరపడింది. లూథరన్లు అడగబోయే ఆ ఇంకొకరు ఎవరన్న బెంగ సెయింట్ ఫ్లోరియన్‌ను పట్టుకుంది. పాస్టర్ గ్రోథ్ ఎవరి పేరు చెప్పినా ఇచ్చి తీరాలి. నార్బర్ట్ సరస్సు మీదికి వెళ్ళి పాస్టర్ దగ్గర ఒక సవరణ సంపాదించాడు. మంచు కరిగే ముందు చివరి మాటలవి. కొందరిని ముందుగానే రక్షితులుగా ప్రకటించుకోవచ్చు, వాళ్ళను అడగరాదు. ఆదివారం ప్రార్థన ముగిశాక అతను లేచి ఆ పేర్లు చదివాడు. బ్రెట్. చేప వేపడం నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లలు. ఎడమచేతి వంటవాడు. నిరుడే బాప్తిస్మం పొందిన హాస్‌మన్ వారి పాపాయి, వాళ్ళ వంశంలో అందరివీ పొడుగు చేతులే కనక. ఫాదర్ లియోనార్డ్‌ను కూడా కాస్త ఆలోచించి చేర్చాడు.

మార్లిస్ ముందు వరుసలోనే కూచుని ఉంది. పేర్లు అయిపోయాయి. అందరూ పాట అందుకున్నారు. ఆమె కూడా పాడింది. ఏ పాటో తర్వాత గుర్తు రాలేదు.

అందులో దురుద్దేశమేమీ లేదని పాఠకులు గమనించాలి. నార్బర్ట్‌కు ఆమె పేరు తట్టలేదంతే. ఉప్పు డబ్బాను ఎవరూ రక్షితంగా ప్రకటించరు కదా.

ఆ వారం కిరాణా దుకాణంలో క్యాబేజీల దగ్గర మార్లిస్‌కు ఇర్మా ఎదురైంది. ముసలావిడ ముఖం నిగనిగలాడుతోంది.

"ఏమే పిల్లా, చిక్కిపోయావు. మీ ఆయన నిన్ను రక్షించాడా లేదా?"

"లేదు."

"పాపాయిని రక్షించాడట కదా!"

"దాని చేతులు పొడుగు."

ఇద్దరూ క్యాబేజీల మీద చేతులానించి నవ్వారు. నవ్వి నవ్వి మార్లిస్ కళ్ళు తుడుచుకుంది. కళ్ళు తుడుచుకోవడం నవ్వు ఆగిన తర్వాత కూడా ఆగలేదు. ఇర్మా మంచి క్యాబేజీ కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగింది.

"అక్కడ దుంపలు కోరేవాళ్ళు ముగ్గురున్నారు," అంది అలా తిరిగే. "ముగ్గురూ మంచివాళ్ళే. మాటే రాదు. లూథరన్లు. నేను చెప్పిందానికల్లా తల ఊపుతారు. మొన్న పాస్టర్ వచ్చి, ఎవర్ని అడగమంటావు ఇర్మా అన్నాడు. నేను వెంటనే చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నిన్ను అడగాలి కదే ముందు. వస్తావా?"

మార్లిస్ ఒక క్యాబేజీ తీసుకుని, డబ్బులిచ్చి బయటపడింది. ఇంటికి వచ్చి క్యాబేజీ బల్ల మీద పెట్టి, కోటు విప్పకుండా చాలాసేపు కూచుంది. వెళితే చర్చిలో తలెత్తుకోవడం ఎలా అన్నది ఒకటి. నార్బర్ట్ పరువు ఒకటి. ఆ ప్రశ్నలు పెద్దవే. కానీ వాటిని దాటుకుని ఇంకో మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది. వస్తావా అని ఒక మనిషి తనను అడిగింది. ఈ ఊళ్ళో, ఈ ఇంట్లో, ఆఖరిసారి తనను ఎవరు ఏ సంగతి అడిగారో గుర్తు చేసుకోబోయింది. ఇంతలో నార్బర్ట్ వచ్చి తన కళ్ళజోడు ఎక్కడుందని అడిగాడు.

ఈస్టర్ మధ్యాహ్నం విల్కోస్కీ వారి భోజనాల బల్ల చుట్టూ నార్బర్ట్, కూతురు కారిన్, అల్లుడు డేల్, అతిథిగా ఫాదర్ లియోనార్డ్ కూచున్నారు. బల్ల మీద ఈస్టర్ ఆచారం ప్రకారం వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ, మిరియపు గింజల కళ్ళతో అందరినీ చూస్తోంది. మధ్యలో పంది తొడ మాంసపు హామ్, దాని పక్కన గ్రేవీ, బఠానీలు, తీపిరొట్టె. మార్లిస్ వంటింటికీ బల్లకూ మధ్య తిరుగుతోంది.

"గడువు ఇవాళ్టితో సరి," అన్నాడు నార్బర్ట్ హామ్ నములుతూ. "ఎల్డన్ ఇంకా పేరు చెప్పలేదు. మరిచిపోయాడేమో."

"మరిచిపోతే మనం గెలిచినట్టే కదా, మామగారూ," అన్నాడు డేల్. "ఇర్మా ఒక్కదానికే బ్రెట్ వచ్చినట్టు లెక్క."

"పిల్లల జోలికి రాకుంటే చాలు, దేవుడి దయ," అన్నాడు ఫాదర్. "మిగతావాళ్ళు ఎవరైనా పరవాలేదు. మార్లిస్, ఆ బఠానీలు ఇలా..."

మార్లిస్ బఠానీలు ఆయన పళ్ళెంలో వేసింది. గిన్నె కింద పెట్టింది. "పేరు చెప్పేశారు. నిన్న సాయంత్రం," అంది.

"ఎవరు?" అన్నారు నలుగురూ.

"నేను."

బల్ల దగ్గర నమలడం ఆగిపోయింది.

"అమ్మా, వాళ్ళు అడిగితే నువ్వు వెళ్ళాలని ఏముంది?" అంది కారిన్. "నాన్నా, చెప్పు. అమ్మ ఒప్పుకోవద్దూ?"

నార్బర్ట్ నోరు తెరిచాడు. ఆటగాళ్ళను అడగరు అనడానికే తెరిచాడు. భార్య ముఖం చూసి మూసుకున్నాడు.

"నేనే నా పేరు చెప్పమన్నాను," అంది మార్లిస్. "వచ్చే లెంటు నుంచి దుంపలు అక్కడే కోరతాను. లెంటు దాకా ఆగడమెందుకని మంగళవారాలు వాళ్ళ కుట్టుపని గుంపుకి కూడా రమ్మన్నారు. వెళ్తున్నాను. రేడియో వేళకే."

నార్బర్ట్ ఫోర్క్ కింద పెట్టాడు. అతని ముఖంలో ఏదో కదిలింది. అరక్షణం అది బాధలాగే కనిపించింది. అభిమానిగా అతని జీవితానుభవమంతా ఆ క్షణాన అతన్ని ఆదుకుంది.

"అయితే ఇర్మా, మార్లిస్ ఇద్దరూ పోయి, బ్రెట్ ఒక్కడు వచ్చాడన్నమాట," అన్నాడు మెల్లగా.

"మనమే నష్టపోయాం," అన్నాడు డేల్.

"అలా అనలేం," అన్నాడు ఫాదర్ లియోనార్డ్. "వయసు కూడా చూడాలి కదా."

"అమ్మకి ఇంకా పదేళ్ళ సత్తా ఉంది," అంది కారిన్ ఉక్రోషంగా.

"పదేళ్ళే అయితే మరి సరిపోయినట్టే," అన్నాడు డేల్.

వాదన హోరాహోరీగా సాగింది. చివరికి నార్బర్ట్ లేచి గ్లాసు ఎత్తాడు. "మార్లిస్ ఈ సంస్థకు సుదీర్ఘకాలం నిశ్శబ్దంగా సేవ చేసింది. మైదానంలో ఉన్నట్టే తెలియనివ్వని నిజమైన జట్టు మనిషి. ఆమె లోటు ఎవరూ తీర్చలేరు. కొత్త జట్టులో ఆమెకు మేలు జరగాలని కోరుకుంటూ..." అంటూండగా అతని గొంతు కాస్త వణికిందని ఫాదర్ లియోనార్డ్ తర్వాత అందరికీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు అయ్యాయి. కొట్టిన చేతులే పళ్ళేలు ఎత్తి, అలవాటు చొప్పున, మార్లిస్ వైపు చాపాయి.

మార్లిస్ తన కుర్చీ లాక్కుని కూచుంది. తన పళ్ళెంలో హామ్ వేసుకుంది, గ్రేవీ పోసుకుంది, తినడం మొదలుపెట్టింది.

నాలుగు పళ్ళేలు గాలిలోనే ఉన్నాయి. ఎవరూ కిందికి దించలేదు. కొంతసేపటికి ఫాదర్ లియోనార్డ్ గొంతు సవరించుకుని, ఇలాంటి పరిస్థితిలో మామూలుగా జట్లు ఏం చేస్తాయని అడిగాడు.

నార్బర్ట్ ఆలోచించాడు. "పునర్నిర్మాణం," అన్నాడు. "ఐదేళ్ళు పట్టవచ్చు."

ప్రణాళిక ఉందని తెలిశాక అందరికీ మనసు కుదుటపడింది. పళ్ళేలు పట్టుకుని ఓపికగా కూచున్నారు. హామ్ బల్ల మధ్యలో, ఎవరు చెయ్యి చాపినా అందేంత దూరంలోనే ఉంది.